ఎక్సెల్‌లో మాక్రోలకి ఎర్ర పట్టీ వస్తోంది, ఎనేబుల్ ఆల్ పెట్టినా పోవట్లేదు, ఏం చేయాలి?

హిమాయత్‌నగర్_లెక్కలు:
అందరికీ నమస్తే. మాది హిమాయత్‌నగర్‌లో చిన్న ఆడిట్ ఆఫీసు, నాలుగు సిస్టమ్స్ ఉన్నాయి. ఒక క్లయింట్ జీతాల షీటు ప్రతి నెలా వాళ్ళ మెయిన్ ఆఫీసు నుంచి మెయిల్‌లో వస్తుంది, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం ఫైలు, అంటే మాక్రోలు (వీబీఏ అనే భాషలో రాసి ఫైల్లోనే పెట్టిన చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఎక్సెల్ ఫైలు, అందులో బటన్ నొక్కితే పీఎఫ్, ఈఎస్ఐ, ప్రొఫెషన్ ట్యాక్స్ అన్నీ లెక్కేసి పేస్లిప్పులు విడివిడిగా తీసేస్తుంది. ఇన్నాళ్ళూ బాగానే నడిచింది కానీ ఈమధ్య ఆఫీస్ కొత్త వెర్షన్ వేయించాం, అప్పట్నుంచి ఫైలు తెరవగానే పైన ఎర్ర పట్టీ వస్తోంది, సెక్యూరిటీ రిస్క్, మైక్రోసాఫ్ట్ మాక్రోస్‌ని బ్లాక్ చేసింది అని. పక్కన లెర్న్ మోర్ అని తప్ప ఎనేబుల్ అనే బటనే లేదు.

సిస్టమ్స్ చూసే అబ్బాయిని పిలిస్తే ఎక్సెల్ భద్రతా సెట్టింగ్స్ ఉండే ట్రస్ట్ సెంటర్‌లోకి వెళ్ళి మాక్రో సెట్టింగ్స్‌లో అన్నిటికన్నా కిందున్న ఎనేబుల్ వీబీఏ మాక్రోస్ (అందరూ ఎనేబుల్ ఆల్ అనేది ఇదే) పెట్టి, దాని కింద ఇంకో టిక్కు కూడా కొట్టి వెళ్ళాడు. అయినా పట్టీ అలాగే ఉంది. వింతేంటంటే మూల మీదున్న సిస్టమ్‌లో మాత్రం అదే ఫైలు ఏ గొడవా లేకుండా తెరుచుకుంటోంది, అదీ అదే వెర్షనే. మా సార్ ఏమో సెట్టింగ్ అలాగే తెరిచి ఉంచండి ఎప్పటికైనా పనికొస్తుంది అంటున్నారు, నాకేమో క్లయింట్ల డేటా అంతా ఇందులోనే ఉంది కదా అని భయంగా ఉంది. 7వ తారీఖు లోపు జీతాలు వేయాలి, తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రాణిగంజ్_స్టాక్:
మేడం ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తీయండి, జనరల్ అనే దాంట్లో అడుగున అన్‌బ్లాక్ అని చిన్న డబ్బా ఉంటది, టిక్ పెట్టి ఓకే కొట్టండి, అయిపోయె. ఎక్సెల్ మూసేసి మళ్ళ తెరవాలె.

ఎక్సెల్_ప్రియుడు:
రాణిగంజ్ అన్న చెప్పింది కరెక్టే, పని అయిపోతుంది. కానీ అక్కా, ముందు ఒక మాట చెప్పండి, ఆ మూల సిస్టమ్‌లోకి ఫైలు ఎలా వెళ్ళింది? మెయిల్ నుంచి నేరుగా దించారా, లేక పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చారా?

హిమాయత్‌నగర్_లెక్కలు:
పెన్‌డ్రైవే అండి. ఆ సిస్టమ్‌లో మెయిల్ పెట్టుకోలేదు. ఇంకోటి, అన్‌బ్లాక్ కొట్టాను, పట్టీ పోయింది!! రాణిగంజ్ గారూ చాలా థ్యాంక్స్. కానీ ఎందుకు పోయిందో అర్థం కాలేదు, వచ్చే నెల కొత్త ఫైలు వస్తే మళ్ళీ ఇదేనా?

ఎక్సెల్_ప్రియుడు:
అయితే గుట్టు అక్కడే ఉంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది తెలియకే చాలా ఆఫీసుల్లో సెట్టింగ్ మొత్తం తెరిచేసి కూర్చుంటున్నారు.

నెట్ నుంచి, మెయిల్ నుంచి ఏ ఫైలు దించినా విండోస్ దానికి కనపడకుండా ఒక గుర్తు తగిలిస్తుంది, ఇది బయట్నుంచి వచ్చింది అని. దాన్ని మార్క్ ఆఫ్ ది వెబ్ అంటారు. అది ఫైలు లోపల ఉండదు, విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ రకం డిస్క్‌లో ఫైలుకి ఆనుకుని జోన్ ఐడెంటిఫైయర్ అనే చిన్న చీటీలా ఉంటుంది, అందులో జోన్ 3 అని రాసుంటే ఇంటర్నెట్ నుంచి వచ్చిందని లెక్క. పెన్‌డ్రైవ్‌లు మామూలుగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే రకాల్లో ఉంటాయి, వాటిలో ఇలాంటి చీటీ పెట్టుకునే వసతే లేదు, అందుకే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవగానే ఆ గుర్తు రాలిపోతుంది. మీ మూల సిస్టమ్‌లో ఎర్ర పట్టీ రాకపోవడానికి కారణం ఇదే, ఆ సిస్టమ్ సెట్టింగ్ గొప్పదనం ఏం లేదు.

ఇదివరకు గుర్తు ఉన్నా సరే పసుపు పట్టీ వచ్చి ఎనేబుల్ కంటెంట్ అని బటన్ ఇచ్చేది, మనం చూడకుండానే నొక్కేసేవాళ్ళం. 2022 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఇది మారుస్తామని చెప్పి, మధ్యలో జూలైలో కొన్నాళ్ళు ఆపి, అదే నెలలో మళ్ళీ మొదలుపెట్టింది. అప్పట్నుంచి గుర్తున్న ఫైల్లో మాక్రో ఉంటే బటన్ ఇవ్వకుండా ఎర్ర పట్టీతో ఆపేస్తుంది. ఎక్సెల్, వర్డ్, పవర్‌పాయింట్, యాక్సెస్, విజియో, ఐదింటికీ ఇదే, విండోస్‌లో మాత్రమే.

ఇప్పుడు అసలు సంగతి. మీ సిస్టమ్స్ చూసే అబ్బాయి పెట్టిన ఎనేబుల్ ఆల్ ఈ ఎర్ర పట్టీ మీద పనిచేయదు, మీరే చూశారు. కానీ గుర్తు లేని ఫైళ్ళ మీద, అంటే ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చినవి ఉంటాయి కదా, వాటి మీద పనిచేస్తుంది, అడక్కుండా మాక్రో నడిపేస్తుంది. అంటే మీ పని అవలేదు సరికదా వేరే దారి తెరుచుకుంది. కాబట్టి దాన్ని వెంటనే వెనక్కి పెట్టండి: ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, మాక్రో సెట్టింగ్స్, అక్కడ రెండోది, డిజేబుల్ విత్ నోటిఫికేషన్. అసలు మొదట ఉండేది అదే. ఆ అబ్బాయి కొట్టిన రెండో టిక్కు బహుశా ట్రస్ట్ యాక్సెస్ టు ద వీబీఏ ప్రాజెక్ట్ ఆబ్జెక్ట్ మోడల్ అయ్యుంటుంది, అది తప్పకుండా తీసేయండి. అది ఉంటే ఒక ఫైల్లోని కోడు ఇంకో ఫైల్లోకి వెళ్ళి కోడు రాయగలదు. జీతాల షీటుకి దాంతో ఏం పనుంటుంది?

ఇంకోటి, ఈ సెట్టింగ్ ఏ ప్రోగ్రామ్‌కి ఆ ప్రోగ్రామ్‌కి విడిగా ఉంటుంది. ఎక్సెల్‌లో మార్చి వదిలేయకుండా వర్డ్‌లో కూడా చూడండి, ఆ అబ్బాయి అక్కడా తెరిచాడేమో.

కూకట్‌పల్లి_ట్రేడర్:
ఇంత అవసరమా భయ్యా? మేం ఏళ్ళ తరబడి ఎనేబుల్ ఆల్‌లోనే ఉన్నాం, యాంటీవైరస్ ఉంది, బిల్లింగ్ మాక్రో మా తమ్ముడు రాసిందే. ఒక్కరోజు కూడా ఏం కాలేదు. రోజుకి వంద బిల్లులు కొట్టేవాడికి ఒక్కో ఫైలుకి ప్రాపర్టీస్ తీసి టిక్కులు పెట్టే టైం ఎక్కడుంది?

నెట్‌వర్క్_అన్న:
తమ్ముడు రాసిన ఫైలుతో భయం లేదు భయ్యా, నిజమే. ఆ ఒక్క ఫైలు కోసం వచ్చే ప్రతి ఫైలుకీ దారి ఇచ్చావు చూడు, గది భయం. చుట్టం వస్తుండని ఇంటి తలుపులన్నీ బార్లా తీసి పండుకున్నట్టు.

మాక్రో అంటే ఏదో చిన్న షార్ట్‌కట్ అనుకుంటరు చాలామంది. వీబీఏ కోడు మీ కంప్యూటర్ల ఫైళ్ళు తెరుస్తది, చెరిపేస్తది, నెట్ నుంచి ఇంకో ప్రోగ్రామ్ దించి నడుపుతది, ఔట్‌లుక్ తెరిచి మీ పేరు మీద మెయిళ్ళు కూడా కొడతది. 1999 మార్చిల మెలిస్సా అని ఒక వైరస్ వచ్చింది, వర్డ్ ఫైలు, తెరిస్తే ఔట్‌లుక్ అడ్రస్ బుక్కుల మొదటి 50 మందికి తనంతట తనే పోయేది. ఆ తర్వాత ఎమోటెట్ అని ఇంకో దొంగ ప్రోగ్రామ్ వచ్చింది, 2014ల మొదలై 2021 జనవరిల పోలీసులు దాని సర్వర్లు పట్టుకునేదాక నడిచి, మళ్ళ అదే ఏడు నవంబర్ల లేచింది. అది ఎట్ల వచ్చేదంటే ఇన్‌వాయిస్ అనో పేమెంట్ అనో పేరుతోటి వర్డ్ ఫైలు, తెరిస్తే లోపల ఒక బొమ్మ, ఈ డాక్యుమెంట్ కనపడాలంటే ఎనేబుల్ కంటెంట్ నొక్కండి అని. మనిషితోనే నొక్కిచ్చేది. మీ సెట్టింగ్ ఎనేబుల్ ఆల్ ఉండి, ఆ గుర్తు కూడా ఎక్కడన్న రాలిపోయిందనుకో, నొక్కిచ్చే పని కూడ లేదు దానికి.

యాంటీవైరస్ మంచిదే, వద్దనను. కానీ అది తెలిసినదాన్ని పడుతది, కొత్తది పట్టాల్నంటే టైం పడుతది. నేను చూసే ఒక వర్క్‌షాప్‌ల, బాలానగర్ దిక్కు, కొటేషన్ అని వచ్చిన ఎక్సెల్ తెరిచినంక షేర్డ్ ఫోల్డర్ల డ్రాయింగులన్నీ తెరవకుండ అయినయ్. బ్యాకప్ ఉండబట్టి బతికిన్రు. అప్పటికే అక్కడ అన్ని సిస్టమ్స్‌ల ఎనేబుల్ ఆలే ఉంది. గిది కళ్ళతోటి చూసినంక నాకు ఈ ముచ్చట మీద మాత్రం రాజీ లేదు.

కూకట్‌పల్లి_ట్రేడర్:
సరే ఒప్పుకున్నా. మరి నా వంద బిల్లుల సంగతి?

ఎక్సెల్_ప్రియుడు:
మీ బిల్లింగ్ ఫైలు ఒక్కటేగా, రోజూ అదే తెరుస్తారు. దాని కోసం ఒక ఫోల్డర్ చేసి, అదే ట్రస్ట్ సెంటర్లో ట్రస్టెడ్ లొకేషన్స్ అని ఉంటుంది, అక్కడ యాడ్ న్యూ లొకేషన్ కొట్టి ఆ ఫోల్డర్ చూపించండి. ఇక ఆ ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళకి ఏ పట్టీ రాదు, ఏమీ అడగదు, గుర్తు ఉన్నా పట్టించుకోదు. బయట ఉన్నవన్నీ మామూలు కాపలాలోనే ఉంటాయి. ఒక్కసారి చేసుకుంటే చాలు, ఏ టిక్కులూ అక్కర్లేదు.

కానీ దయచేసి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని, డెస్క్‌టాప్‌ని ట్రస్టెడ్ చేయకండి. నేను ఈ మాట ఎక్కడైనా చెప్తాను, ఎన్నిసార్లయినా చెప్తాను. దించిన ప్రతిదీ వచ్చి పడేది అక్కడే, దాన్ని నమ్మకమైన చోటు అని చెప్పడమంటే మళ్ళీ ఎనేబుల్ ఆల్ పెట్టుకోవడమే.

సర్కారుబడి_సార్:
నమస్కారం. నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, మా వాళ్ళందరికీ పనికొచ్చే విషయం అడుగుతున్నాను. ప్రతి ఫిబ్రవరిలో మాకు ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల కోసం తోటి ఉపాధ్యాయులే తయారుచేసిన ఎక్సెల్ సాఫ్ట్‌వేర్లు తిరుగుతుంటాయి, పీఆర్సీ ఎరియర్స్ లెక్కలకి కూడా అంతే. పాపం వాళ్ళు సొంత సమయం పెట్టి ఉచితంగా చేసి ఇస్తారు, వాటివల్ల మాకు ఎంత మేలో చెప్పలేను, బేసిక్ పే, డీఏ, హెచ్ఆర్ఏ వేస్తే చాలు ఫారం 16 దాకా వచ్చేస్తుంది. అయితే అవి వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారి మారి వస్తాయి. ఎవరు చేశారో తెలుసు, మనిషి మీద నమ్మకం ఉంది, మరి అన్‌బ్లాక్ చేసేయవచ్చా?

నెట్‌వర్క్_అన్న:
సార్ మంచి ప్రశ్న అడిగిన్రు. చేసిన సార్ మీద నమ్మకం వేరు, మీ చేతికొచ్చిన ఫైలు మీద నమ్మకం వేరు. నడుమ ఎవరన్న తెరిచి ఏదన్న పెట్టి పంపినా పేరు మాత్రం ఆయనదే ఉంటది. గ్రూపుల వచ్చింది కాకుండ ఆయన సొంత బ్లాగుంటే అక్కడికెళ్ళి దించుకోండి, లేదా ఆయన్నే అడిగి తెప్పించుకోండి. ఫోన్ నంబర్ ఉంటది కదా సార్ అందరి దగ్గర.

ఎక్సెల్_ప్రియుడు:
ఇంకోటి చేయొచ్చు సార్. పట్టీ ఉన్నప్పుడే, అంటే మాక్రోలు ఆగి ఉన్నప్పుడే, ఆల్ట్ ఎఫ్11 నొక్కితే కోడు కనిపిస్తుంది. కోడు రాకపోయినా కొన్ని మాటలు వెతకండి: షెల్, క్రియేట్ ఆబ్జెక్ట్, పవర్‌షెల్, యూఆర్‌ఎల్ డౌన్‌లోడ్. ఇవి ఉన్నంత మాత్రాన దొంగ ఫైలని కాదు, కానీ ట్యాక్స్ లెక్కకి విండోస్‌కి ఆదేశాలిచ్చే పవర్‌షెల్‌తో పనేంటని చేసినాయన్ని అడగొచ్చు. ఆటో ఓపెన్, వర్క్‌బుక్ ఓపెన్ అనే పేర్లతో ఉన్నవి ఫైలు తెరవగానే వాటంతటవే నడుస్తాయి, ముందు అవి చూడండి. చాలామంది సార్లు కోడుకి పాస్‌వర్డ్ పెడతారు, ఎవరూ చెడగొట్టకుండా అని. అప్పుడు లోపల చూడలేం, కాబట్టి అసలు చోటు నుంచే తెచ్చుకోవడం ఒక్కటే దారి.

అన్నట్టు గవర్నమెంట్ వాళ్ళ జీఎస్టీఆర్-9 ఆఫ్‌లైన్ టూల్, ఇన్‌కమ్ ట్యాక్స్ ఎక్సెల్ యుటిలిటీ కూడా మాక్రోలతోనే నడుస్తాయి, జిప్‌లో వస్తాయి. పోర్టల్ నుంచి నేరుగా దించండి, జిప్ విప్పకముందే జిప్ మీదే అన్‌బ్లాక్ కొట్టండి, అప్పుడు లోపలి ఫైళ్ళకి గుర్తు అంటదు. విప్పాక అయితే ఒక్కోదానికి కొట్టుకోవాలి.

చిక్కడపల్లి_డీటీపీ:
నాదో చిన్న డౌటు. చెక్కుల మీద అమౌంట్ అక్షరాల్లో రావడానికి స్పెల్‌నంబర్ అని ఒక ఫంక్షన్ పెట్టించుకున్నాను, లక్షలు కోట్లు వచ్చేలా. నిన్నట్నుంచి ఆ గడిలో నేమ్ ఎర్రర్ వస్తోంది. ఇది కూడా ఇదేనా?

ఎక్సెల్_ప్రియుడు:
ఇదే. ఎక్సెల్‌లో అంకెని మన లెక్కలో అక్షరాలుగా మార్చే ఫంక్షన్ సొంతంగా లేదు, థాయ్ భాషకి మాత్రం బాట్ టెక్స్ట్ అని ఇచ్చారు. అందుకని మన వాళ్ళందరూ వీబీఏతో రాసుకున్నదే వాడతారు. మాక్రో ఆగితే ఆ ఫంక్షన్ పేరు ఎక్సెల్‌కి తెలియదు, నేమ్ అని ఎర్రర్ ఇస్తుంది. ఫైలు అన్‌బ్లాక్ చేసి ఎఫ్9 కొట్టండి, రాకపోతే గడిలోకి వెళ్ళి ఎంటర్ కొట్టండి. రోజూ చాలా ఫైళ్ళలో వాడతారనుకుంటే దాన్ని ఎక్స్‌ఎల్‌ఏఎం యాడ్ఇన్‌గా, అంటే ఎక్సెల్‌కే తగిలించే విడి ఫైలుగా, సేవ్ చేసుకోండి, అన్ని ఫైళ్ళకీ ఒకచోట నుంచే వస్తుంది, అప్పుడు మీ బిల్లు ఫైళ్ళు మాక్రో లేని మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లోనే ఉండొచ్చు.

మలక్‌పేట_లైనక్స్:
లిబ్రెఆఫీస్ వాడేవాళ్ళ కోసం ఒక ముక్క. టూల్స్, ఆప్షన్స్, లిబ్రెఆఫీస్ కింద సెక్యూరిటీ, అందులో మాక్రో సెక్యూరిటీ. నాలుగు మెట్లు ఉంటాయి, వెరీ హై, హై, మీడియం, లో. మామూలుగా హై మీద ఉంటుంది. మీడియం పెడితే తెలియని చోటి ఫైలుకి ప్రతిసారీ అడుగుతుంది, నాకు అదే నచ్చుతుంది. లో జోలికి వెళ్ళకండి. పక్కనే ట్రస్టెడ్ సోర్సెస్ ట్యాబ్‌లో ఫోల్డర్ చేర్చుకోవచ్చు, పైన చెప్పిన పద్ధతే. ఎక్సెల్ మాక్రోలు ఇక్కడ కొంతవరకే నడుస్తాయి, ఫారాలు, బటన్లు ఎక్కువున్నవి తడబడతాయి, కాబట్టి జీతాల షీట్ లాంటివి ముందు కాపీ మీద నడిపి చూసుకోండి.

హిమాయత్‌నగర్_లెక్కలు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సెట్టింగ్ వెనక్కి పెట్టాను, ఆ రెండో టిక్కు మీరన్నదే, తీసేశాను. వర్డ్‌లో కూడా తెరిచే ఉంది, అదీ సరిచేశాను. సార్‌కి ఈ చర్చ అంతా చదివి వినిపిస్తే ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆయనకి రెండు అనుమానాలు. ఒకటి, మా ఫైళ్ళన్నీ ఒక సిస్టమ్‌లో షేర్డ్ ఫోల్డర్లో పెట్టుకుని మిగతా మూడింట్లోంచి తెరుస్తాం, ఐపీ నంబర్ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్‌కి ఉండే నంబర్) కొట్టి వెళ్తాం, అక్కడ కూడా ఎర్ర పట్టీ వస్తోంది. రెండోది, సార్ దగ్గర రిటర్నులు ఫైల్ చేసే డీఎస్సీ (డిజిటల్ సంతకం) టోకెన్ ఉంది, దాంతో ఈ మాక్రోకి సంతకం పెట్టేస్తే గొడవ ఉండదు కదా అంటున్నారు.

నెట్‌వర్క్_అన్న:
మొదటిది నేను చెప్త మేడం. ఐపీ నంబర్ కొట్టి పోతే విండోస్ దాన్ని బయటి ఇంటర్నెట్ లెక్కనే చూస్తది, మీ పక్క బల్ల మీదున్న సిస్టమ్ అయినా సరే. కంప్యూటర్ పేరుతోటి పోయి చూడండి, చాలావరకు పోతది. తప్పదంటే కంట్రోల్ ప్యానెల్‌ల ఇంటర్నెట్ ఆప్షన్స్, సెక్యూరిటీ, లోకల్ ఇంట్రానెట్, సైట్స్‌ల ఆ ఒక్క అడ్రస్ చేర్చండి. షేర్డ్ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్ చేయాలంటే అలో ట్రస్టెడ్ లొకేషన్స్ ఆన్ మై నెట్‌వర్క్ అని టిక్కు అడుగుతది, దాని పక్కనే వద్దని కూడ రాసుంటది. చేస్తే గిట్ల ఆ ఫోల్డర్ల రాసే పర్మిషన్ ఒక్కరికే ఇయ్యండి, మిగిలినోళ్ళకు చదివేదే ఇయ్యండి. ఎవరు పడితే వాళ్ళు ఫైలు పడేసే ఫోల్డర్‌ని నమ్ముమని ఎక్సెల్‌కు చెప్పొద్దు.

ఎక్సెల్_ప్రియుడు:
డీఎస్సీతో కుదరదక్కా. అది రిటర్నులకి, డాక్యుమెంట్లకి సంతకం పెట్టడానికి ఇచ్చిన సర్టిఫికెట్, మాక్రోకి కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ అని వేరే ఉండాలి. మీ ఆఫీసు వరకే అయితే ఆఫీస్‌తో పాటు వచ్చే సెల్ఫ్‌సర్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో సొంతంగా ఒకటి చేసుకోవచ్చు, వీబీఏ ఎడిటర్లో టూల్స్, డిజిటల్ సిగ్నేచర్‌లో తగిలించొచ్చు. కానీ అది చేసిన సిస్టమ్‌లోనే చెల్లుతుంది, మిగతా వాటిలో సర్టిఫికెట్ విడిగా ఎక్కించుకోవాలి, పైగా వేరేవాళ్ళు కోడు ఒక్క లైను మార్చినా సంతకం పోతుంది. మీ ఫైలు వచ్చేది క్లయింటు దగ్గర్నుంచి, ప్రతి నెలా కొత్తది. సంతకం పెట్టాల్సింది మీరు కాదు, రాసి పంపేవాళ్ళు. ఇక్కడ ఆ కష్టం దండగ.

హిమాయత్‌నగర్_లెక్కలు:
అయితే ప్రతి నెలా ఏం చేయమంటారు? సింపుల్‌గా చెప్పండి, మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి కూడా అప్పజెప్పాలి.

ఎక్సెల్_ప్రియుడు:
జీతాల కోసం ఒక ఫోల్డర్, ఆ సిస్టమ్ సొంత డిస్క్‌లోనే, డెస్క్‌టాప్ మీద కాకుండా. దాన్ని ట్రస్టెడ్ లొకేషన్ చేయండి, లోపల నెలకో ఫోల్డర్ పెట్టుకుంటారు కాబట్టి సబ్‌ఫోల్డర్స్ టిక్కు కూడా పెట్టండి. మెయిల్ వచ్చాక పంపిన అడ్రస్ పూర్తిగా చూడాలి, పేరు ఒక్కటే కాదు, అట్ గుర్తు తర్వాత ఏముందో. ఫైలు రావాల్సిన రోజు కాకుండా వేరే రోజు వచ్చినా, సవరించిన షీట్ అని రెండోసారి వచ్చినా తెరవకుండా క్లయింట్ ఆఫీసుకి ఫోన్ చేసి పంపారా అని అడగాలి, మెయిల్‌కి రిప్లై ఇచ్చి అడగడం కాదు, మీ దగ్గర ఎప్పట్నుంచో ఉన్న నంబర్‌కే చేయాలి. పంపామన్నాకే ఆ ఫోల్డర్లోకి చేర్చాలి. ఎర్ర పట్టీ వచ్చిన వేరే ఏ ఫైలు కోసమైనా ఆ అమ్మాయి మిమ్మల్ని అడిగి చేయాలి, తనంతట తాను ట్రస్ట్ సెంటర్లోకి వెళ్ళకూడదు.

హిమాయత్‌నగర్_లెక్కలు:
ఇది ప్రింట్ తీసి సిస్టమ్ పక్కన అంటించాను. ఇంకొక్కటే, మా క్లయింట్ ఆఫీసులో వాళ్ళ సొంత సిస్టమ్‌లో ఈ ఆప్షన్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి, నొక్కితే నొక్కబడట్లేదు అంటున్నారు.

నెట్‌వర్క్_అన్న:
అది వాళ్ళ ఐటీ వాళ్ళు గ్రూప్ పాలసీతోటి, అంటే అన్ని సిస్టమ్స్‌కు ఒక్కచోట నుంచే సెట్టింగ్ పెట్టే పద్ధతితోటి, బిగించిన్రు మేడం, మంచి పనే చేసిన్రు. విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీల తిప్పి తెరిచే ఉపాయాలు యూట్యూబ్‌ల చెప్తరు, అవి చేయొద్దని చెప్పండి. ఫైలు పేరు, ఎవరు పంపుతరు, ఏ ఫోల్డర్ల పెడతరు, ఈ మూడు రాసి వాళ్ళ ఐటీకి మెయిల్ పెడితే ఆ ఒక్క ఫోల్డర్ వాళ్ళే పాలసీల చేర్చిస్తరు.